అందరూ ఎక్కాక ఎక్కే మనిషి

మా ఇంట్లో ఎక్కడికి బయలుదేరినా ఒక పద్ధతి ఉంది. ముందు ఒకరు నడవాలి, వెనుక ఒకరు నడవాలి, మిగతావాళ్లంతా మధ్యలో. ముందు నడిచేవాళ్లు తల తిప్పి చూడకూడదు. వెనుక నడిచేవాళ్లు అందరూ దాటేదాకా అడుగు వేయకూడదు. దేవరకొండ దగ్గరి పల్లెలో తాతముత్తాతల నుంచి గొర్రెలు కాసిన కుటుంబం మాది. మందను నడిపే తీరే మనుషులకూ అంటుకుంది. ముందున్న మనిషి ఆగి వెనక్కి చూస్తే మంద ఆగిపోతుంది, ఆగిన మంద చెదిరిపోతుంది. అందుకని ముందు మనిషి వెనుక మనిషిని నమ్ముకుని నడుస్తూనే ఉండాలి. మా పెద్దబాపు బతికున్నన్నాళ్లూ ముందు మనిషి ఆయన. వెనుక మనిషి ఎప్పుడూ ఆయన తమ్ముడు, మా బాపే.

జాతరకు పోయినా, పెళ్లికి పోయినా, దవాఖానకు పోయినా ఇదే వరస. దేవరకొండ బస్టాండులో బస్సు వచ్చి ఆగితే బాపు మెట్ల పక్కన నిలబడేవాడు. మేమంతా ఎక్కాక, మాకు ఏమీ కాని వాళ్లు కూడా ఎక్కాక, కండక్టరు విసుక్కుని విజిల్ వేశాక అప్పుడు కాలు పెట్టేవాడు. ఆయనకు సీటు దొరికిన రోజు నాకు గుర్తు లేదు. అమ్మకు ఇది పెళ్లైన నాటి నుంచి ఉన్న ఫిర్యాదు. ఈయన నా పక్కన నడిచింది లేదు, ఎప్పుడు చూసినా నా వీపుకే కావలి అని చుట్టాలందరికీ చెప్పేది. చెప్పేటప్పుడు ఆ గొంతులో కోపం కంటే గొప్పే ఎక్కువ వినిపించేది.

బాపు మోకాళ్లు అరిగిపోయాయని దవాఖానలో తేల్చి చెప్పాక తమ్ముడు పట్టుబట్టి మందను అమ్మించాడు. కల్వకుర్తి వైపు నుంచి ఎవరో వచ్చి వ్యానులో ఎక్కించుకుపోయారు. తమ్ముడు చేసింది తప్పు అనను. ఆ మోకాళ్లతో గుట్టలెక్కి దిగడం ఇక కాని పని. కానీ ఆ తర్వాత బాపు పగలంతా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకునేవాడు, నోటికి ఒక మాట పట్టుకుంది. నేనెందుకు. చుట్టాల పెళ్లికి రమ్మంటే నేనెందుకు, మీరు పోయి రాండ్రి. పండక్కి కల్వకుర్తిలో మా ఇంటికి రమ్మంటే నేనెందుకు. చివరికి అన్నానికి రమ్మని అమ్మ పిలిచినా అదే మాట అన్నాడట ఒకసారి. అమ్మ నాకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది.

నడవడానికి ముందు మంద లేదు కాబట్టి వెనుక తనకూ పని లేదనుకున్నాడు. అది నాకు తెలుస్తూనే ఉంది. తెలిసినా కోపం ఆగేది కాదు. నేను బడిలో పంతులమ్మను. బడిపిల్లల మీదా ఇంట్లోవాళ్ల మీదా నాకు ఒకే తీరుగా కోపం వస్తుంది. ప్రేమ ఎక్కువైతే ఇంకొంచెం గట్టిగా వస్తుంది. బాపును ఆ మంచం మీంచి, ఆ మాటలోంచి ఎట్లాగైనా లేపాలని పంతం పట్టాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి, సాగర్ నిండింది. పిల్లలేమో ఫోనులో సముద్రం మీద తిరిగే పెద్ద పెద్ద ఓడలు చూసి మనమూ పోదామని నా ప్రాణం తీస్తున్నారు. నా ఇద్దరూ, తమ్ముడి చిన్నపాపా కలిస్తే ముగ్గురే, కానీ గొడవ ముప్ఫై మంది పెట్టు. మనకు సముద్రం ఎక్కడిది, సాగర్ నుంచి శ్రీశైలం దాకా కృష్ణ మీద పోయే లాంచీ ఉంది, పొద్దున ఎక్కితే మునిమాపుకు దింపుతుంది, అదే మన ఓడ అని తేల్చేశాను. అందులో ఈతకొలను ఉందా అని నా కొడుకు అడిగాడు. దాని కిందంతా ఈతకొలనే అన్నాను. దసరా సెలవుల్లో పోదామని ఖాయమైంది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే మా ఆయనకు సెలవు దొరకలేదు. తమ్ముడూ మరదలూ సరేనన్నారు. అమ్మ పిలవకముందే సిద్ధమైంది. ఇక మిగిలింది బాపు. నిజం చెప్పాలంటే నాకు నీళ్లూ అక్కరలేదు, శ్రీశైలమూ అక్కరలేదు. బాపు మాతో ఆ లాంచీ ఎక్కాలి, అంతే.

ఫోన్ చేసి అడిగితే అనుకున్న మాటే అన్నాడు. ఆ మాటకు జవాబు నా దగ్గర అప్పటికే తయారుగా ఉంది.

"ముందట నేను నడుస్త బాపు. ఎనుక ఎవలున్నరు? తమ్ముడా? వాడు ఫోను చూసుకుంట పిల్లల్ని ఒడ్డు మీద మరిసొస్తడు."

ఎప్పుడు పోవాలె అని అడిగాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను. తనను అట్లా వాడుకున్నందుకు తమ్ముడు వారం రోజులు మూతి ముడుచుకున్నాడు. ఫోను చూసుకుంటూనే ముడుచుకున్నాడు.

బయలుదేరే రోజు పొద్దున్నే కిరాయి బండి వాకిట్లోకి వచ్చింది. అమ్మ ఒక ఊరికి సరిపడా సద్ది కట్టింది. పులిహోర, గారెలు, ఉడకబెట్టిన గుడ్లు, పెరుగన్నం, అవి చాలవన్నట్టు జొన్నరొట్టెలు. లాంచీలోనే భోజనం పెడతారమ్మా అంటే, వాళ్ల భోజనం వాళ్లకు, మన భోజనం మనకు అంది. బాపు ఉతికిన ధోతి కట్టి, తలకు రుమాలు చుట్టి, భుజాన గొంగడి వేసుకుని, చేతికర్రతో గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. ఇంత ఎండలో గొంగడి ఎందుకు మామా అని మరదలు మెల్లగా అడిగింది. బాపు ఆ గొంగడిని ఈ భుజం మీంచి తీసి ఆ భుజం మీద వేసుకున్నాడు. అదే జవాబు అనుకుని మరదలు ఊరుకుంది.

బండిలో అందరూ కూర్చున్నాక ఎక్కాడు. తలుపు పక్కన ఇరుకు జాగాలో ముడుచుకుని కూర్చుని, తలుపు తానే వేశాడు. కొండమల్లేపల్లి దాటేసరికి తమ్ముడి పాప రెండుసార్లు కక్కుకుంది. కిటికీ కోసం నా పిల్లలిద్దరూ ఒకళ్లనొకళ్లు గిచ్చుకున్నారు. అమ్మ ఇద్దరికీ చెరో గారె ఇచ్చి నోళ్లు మూయించింది. బాపు దారి పొడవునా బయటి బీళ్లు చూస్తూ కూర్చున్నాడు. ఎక్కడైనా మంద కనబడితే బండి అది దాటిపోయేదాకా మెడ తిప్పుకుని చూసేవాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. అద్దంలోంచి అది చూస్తూ ఏమీ ఎరగనట్టు డ్రైవరుతో వానల గురించి మాట్లాడాను.

సాగర్‌లో లాంచీ దగ్గరికి దిగే మెట్ల మీద నిలబడితే నీళ్లు ఒక్కసారిగా కనబడతాయి. పిల్లలు అరిచారు. అమ్మ చేతులు జోడించింది. బాపు మాత్రం కర్ర మీద రెండు చేతులూ ఆనించి చాలాసేపు చూశాడు. ఎండాకాలం మా దగ్గర గడ్డి మాడిపోతే ఆయన మందను ఈ కృష్ణ ఒడ్డుకే తోలుకొచ్చేవాడు. నీళ్లు వెనక్కి జరిగిన జాగాలో మొలిచిన పచ్చిక మీద నెలల తరబడి ఇక్కడే ఉండేవాడు. మేం చిన్నప్పుడు బాపు ఎక్కడ అంటే అమ్మ కృష్ణకాడ అనేది. ఏదో మేనమామ ఊరి పేరు చెప్పినంత మామూలుగా అనేది. ఇంత నీటిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు. నిండుగున్నది అన్నాడు, అంతే.

అమ్మ నీటి అంచుకు దిగి గంగమ్మకు పసుపు కుంకుమ వేసి, తన చేతి గాజుల్లోంచి ఒకటి తీసి నీళ్లలో వదిలింది. వెళ్లేటప్పుడు చల్లగా తీసుకుపో, వచ్చేటప్పుడు చల్లగా తీసుకురా అని గొణుక్కుంది. వచ్చేది బస్సులోనమ్మా అని తమ్ముడు గుర్తు చేశాడు. గంగమ్మకు అది తెల్వదా అంది అమ్మ.

లాంచీ ఎక్కే వరసలో మాతో పాటు మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్ద కుటుంబం ఉంది. వాళ్లకూ మాలాగే పిల్లల దండు. ఐదు నిమిషాల్లో మా పిల్లలూ వాళ్ల పిల్లలూ కలిసిపోయి ఒకటే పరుగులు. ఎవరు ఎవరో తెలియకుండా పోయింది. నేను బడిలో నిలబెట్టినట్టు వరసగా నిలబెట్టబోయాను. మావాళ్లు ఇటు, వాళ్లవాళ్లు అటు అని చేతులు పట్టి లాగుతుంటే, వెనుక నుంచి బాపు గొంతు వినబడింది.

"కలిసినయి గద బిడ్డా. ఇప్పుడు విడదియ్యకు, చెదురుతయి. అన్నీ దాటనియ్యి. అవతల ఏరుకుందాం."

మంద అమ్మాక ఆయన నోటి నుంచి అటువంటి మాట రావడం అదే మొదలు. పిల్లల చేతులు వదిలేశాను. మహబూబ్‌నగర్ కుటుంబంలోని ముసలవ్వ బాపును ఎగాదిగా చూసి, మా పిల్లల్ని గొర్లంటున్నడేంది అని కోడలితో అంది. అనేసి తనూ నవ్వింది.

ఒడ్డుకూ లాంచీకీ మధ్య చెక్క వేశారు. నేను ముందు నడిచాను. తమ్ముడి పాపను చంకనెత్తుకుని, నా పిల్లల్ని నా కొంగు పట్టుకోమని, చెక్క మీద కాలు పెట్టాను. నా వెనుక అమ్మ సద్దిమూట, దాని వెనుక అమ్మ, ఆ వెనుక మరదలు, తమ్ముడు, వాళ్ల వెనుక మహబూబ్‌నగర్ పిల్లలు, ఆ పైన ఎవరెవరో. చెక్క మీద కర్రతో తడుతూ హెయ్ హెయ్ అంటున్న బాపు గొంతు వినిపిస్తూనే ఉంది. పిల్లలు దానికి నవ్వుకుంటూ ఒక్కొక్కరే దాటుతున్నారు. నేను వెనక్కి చూడలేదు. ఆ చప్పుడు వింటూ నడుస్తుంటే చిన్నతనంలో జాతరకు పోతున్నట్టే అనిపించింది. చాలా రోజుల తర్వాత నా మనసు నిమ్మళంగా ఉంది.

పై అంతస్తులో మంచి సీట్లు పట్టడానికి నేను చేసిన యుద్ధం గురించి ఇక్కడ రాయను. గెలిచాను, అంతవరకు చాలు. నీళ్లు కనబడే వైపు వరసగా కూర్చున్నాం. లాంచీ మనిషి వచ్చి అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు ఇచ్చాడు. పిల్లలకు వాటి తాళ్లు కట్టడం, వాళ్లు విప్పుకోవడం, మళ్లీ కట్టడం. అమ్మ తన జాకెట్టును చీర మీద తొడుక్కుని, పెళ్లిలో కూర్చున్నంత గంభీరంగా కూర్చుంది. ఇంతలో కింద యంత్రం గుర్రుమంది, ఒడ్డు మెల్లగా జరిగింది. పిల్లలందరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు.

అమ్మ సద్దిమూట విప్పింది. మా ఇంట్లో మొదటి ముద్ద బాపుది. ఎవరికి ఎంత ఆకలైనా అంతే. అమ్మ పేపరు ప్లేటులో పులిహోర, రెండు గారెలు పెట్టి, మీ బాపుకు ఇచ్చి రాపో అంది. ఆయన ఎప్పటిలాగే వెనుక ఎక్కడో కూర్చుని ఉంటాడని, ప్లేటు పట్టుకుని వెనక్కి నడిచాను. వెనుక బెంచీల మీద మహబూబ్‌నగర్ వాళ్లు సర్దుకుంటున్నారు. బాపు లేడు. కింది అంతస్తులో చూశాను. అక్కడా లేడు. ఎదురైన తమ్ముణ్ణి అడిగితే నీ దగ్గర లేడా అన్నాడు. మరదలు నీ దగ్గరనుకున్న వదినా అంది. ఒక్కరం కూడా వెనక్కి చూడలేదు. వెనుక బాపు ఉన్నాడు కదా, ఎందుకు చూస్తాం.

తమ్ముడి పాప ఇనుప కడ్డీల మధ్య నుంచి మొహం బయటికి పెట్టి చూస్తోంది.

"అత్తా, తాత అగో. ఆడ ఉన్నడు."

ఒడ్డు మీద, ఎవరూ లేని ఆ మెట్ల కింద, బాపు ఒక్కడే నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, గడ్డం కింద కర్ర. మంద మేస్తుంటే చూస్తూ నిలబడే తీరే. అరవడం లేదు. చెయ్యి ఊపడం లేదు. లాంచీ వైపు చూస్తున్నాడు, అంతే. మధ్యలో నీళ్లు అప్పటికే చాలా ఉన్నాయి.

నా చేతిలో ప్లేటు ఏమైందో నాకు తెలియదు. మెట్లు దిగి లాంచీ నడిపే మనిషి దగ్గరికి పరుగెత్తాను. బడిలో నా గొంతు మూడు తరగతులు దాటి వినబడుతుందని అంటారు. ఆ రోజు అది పనికొచ్చింది. చెక్క తీసిన మనిషి బిత్తరపోయి చెప్పుకున్నాడు. నేను అడిగిన మేడం, ఇంకెవలన్న ఉన్నరా తాతా అని అడిగిన. అటిటు చూసి, ఎవ్వరు లేరు, అందరెక్కిన్రు, పోనియ్ అన్నడు. సాగనంప వచ్చినాయన అనుకున్న అన్నాడు. ఆ మనిషిని ఏమనగలను. అడగవలసింది అడిగాడు. బాపూ ఉన్నమాటే చెప్పాడు. కాపరి తనను తాను మందలో ఎప్పుడు కలుపుకున్నాడు గనుక.

లాంచీ నడిపే పెద్దమనిషి మారు మాట్లాడకుండా వేగం తగ్గించి, మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు. నీళ్ల మీద తిప్పడం రోడ్డు మీద తిప్పినంత తేలిక కాదని అప్పుడే తెలిసింది. జనమంతా ఒక పక్కకు వచ్చి చేరితే లాంచీ వాళ్లు కూర్చోండ్రి కూర్చోండ్రి అని కేకలేశారు. మా పిల్లలు తాతా అని అరుస్తున్నారు. వాళ్లను చూసి మహబూబ్‌నగర్ పిల్లలు కూడా తాతా అని అందుకున్నారు. అమ్మ మాత్రం కడ్డీ పట్టుకుని నిలబడింది.

అప్పుడు బాపు చెయ్యెత్తాడు. రమ్మని కాదు. పోండ్రి, పోండ్రి అని చేత్తో తోస్తున్నాడు.

లాంచీ దగ్గరికొచ్చేకొద్దీ ఆయన వెనక్కి అడుగులు వేశాడు. నేనెందుకు అనే మాట ఆ దూరం నుంచి కూడా నాకు వినబడుతున్నట్టే ఉంది. ఎన్ని రోజుల నా పంతం, ఒక్క చెక్క తీయడంతో నీళ్లపాలైంది. మళ్లీ ఆ మంచం, ఆ గోడ వైపు తిరిగి పడుకోవడం. ఈసారి నిజంగానే ఎవరూ లేపలేరు అనిపించింది. భయమేసింది. ఆ భయాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

చెక్క వేయగానే నేనే ముందు దిగాను. బాపు మెట్ల దగ్గర నిలబడి, నేను రావడం చూసి మొహం చిట్లించాడు. వాళ్లను పొమ్మను బిడ్డా, నేను బండిల కూసుంట అన్నాడు. బండి డ్రైవరు ఇంకా పోలేదనీ, తనను ఇంటి దగ్గర దింపుతాడనీ కూడా చెప్పాడు. అన్నీ ఆలోచించి పెట్టుకున్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఒక్క కేక ఎయ్యొచ్చు గద బాపు. లాంచీ ఇంత దగ్గరున్నప్పుడు ఒక్క కేక ఎయ్యొచ్చు గద."

నా మొహంలోకి వింతగా చూశాడు. ఇంత చిన్న సంగతి తెలియని బిడ్డను నేను పెంచానా అన్నట్టు చూశాడు.

"నీళ్లల్ల దిగిన మందను ఎనుకకెల్లి పిలువొద్దు బిడ్డా. ఎనుకకు మర్లుతది. నడి నీళ్లల్ల మర్లితె మునుగుతది."

ఆయన మళ్లీ లాంచీ వైపు చూశాడు. పై అంతస్తులో పిల్లలు నారింజరంగు జాకెట్లలో ఎగురుతున్నారు.

"మంచిగనే పోయిన్రు," అన్నాడు. "చూసిన. నేను లేకున్నా పోతరు."

అందులో నిష్ఠూరం లేదు. నిష్ఠూరం ఉంటే పోట్లాడి ఉండేదాన్ని, పోట్లాట నాకు బాగా వచ్చు. ఆయన అది పైరు బాగుంది అన్నంత మామూలుగా అన్నాడు. ఒడ్డు మీద నిలబడి, మేం పోతుంటే చూసి, ఆ సంగతి తేల్చుకున్నాడు. తేల్చుకుని, మంచిదే అనుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. లాంచీ నిండా జనం చూస్తుండగా, నలభై దాటిన పంతులమ్మను, మెట్ల మీద నిలబడి ఏడ్చాను.

"మేం మంద కాదు బాపు," అన్నాను. "మమ్ముల పిలువొచ్చు."

ఆయన రుమాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. లాంచీ మనిషి అక్కా జర జల్ది అన్నాడు. నేను కదల్లేదు. నువ్వు రాకపోతే నేనూ రాను, నా పిల్లలు శ్రీశైలంలో నా కోసం ఏడుస్తారు అని బెదిరించాను. అది మాత్రం ఆయనకు తగిలింది. సరే, నువ్వు ముందు నడువు అన్నాడు. నడిచాను. కానీ ఆయన చేతికర్ర కొన నా పిడికిట్లో పట్టుకుని నడిచాను. అడుగడుగుకూ ఆ కర్ర బరువు తెలుస్తూనే ఉంది. చెక్క మీద మొదట నేను, తర్వాత కర్ర, తర్వాత బాపు. ఆయన రెండో కాలు కూడా లాంచీలోకి వచ్చాకే కర్ర వదిలాను.

లాంచీలో జనమంతా నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. బాపు సిగ్గుపడి గొంగడి సర్దుకున్నాడు. అమ్మ దగ్గరికొచ్చింది. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను. ఒడ్డును ఎవలెత్కపోతరని కావలున్నవ్ అని గట్టిగా అడిగి, ఆయనకు జాకెట్టు తొడిగి, తాళ్లు తానే కట్టి, మళ్లీ పులిహోర పెట్టి చేతిలో పెట్టింది. ఆయన తినేదాకా ఎదురుగా నిలబడింది. తిన్నాడు. రెండోసారి కూడా అడిగి పెట్టించుకున్నాడు.

ఆ తర్వాత లాంచీ చాలా దూరం పోయింది. రెండు పక్కలా నల్లమల గుట్టలు దగ్గరికి జరిగాయి, గాలి చల్లబడింది. మరదలు తమ్ముడి భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను ముందు సీట్లో పిల్లల మధ్య కూర్చుని, ఇటు వైపు వాళ్లకు నీళ్లు, అటు వైపు వాళ్లకు గారెలు అందిస్తున్నాను. బాపు చిట్టచివరి బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. ఎంత రమ్మన్నా అక్కడి నుంచి కదల్లేదు. ఎక్కాడు, అదే చాలనుకుని నేనూ బలవంతం చేయలేదు. కాసేపటికి ఆయన సంగతే మరిచిపోయి కొంగల గురించి పిల్లలు అడిగే ప్రశ్నలకు తోచిన జవాబులు చెబుతున్నాను.

ఉన్నట్టుండి వెనుక నుంచి ఒక కేక లేచింది. గుట్ట ఈ పక్క నుంచి ఆ పక్కకు వినబడేలా కాపరులు వేసే కేక. చిన్నప్పుడు ఎక్కడో దూరంగా విన్నదే గానీ, ఎన్నడూ మమ్మల్ని పిలవడానికి వేయలేదు. అందులో ఉన్నది నా పేరు. లాంచీ అంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. నిద్రపోతున్న మరదలు లేచి కూర్చుంది. నేను ఏమైందో అని, బెంచీలు తగులుతున్నా చూసుకోకుండా పరుగెత్తాను. నా వెనుక పిల్లలు, వాళ్ల వెనుక మహబూబ్‌నగర్ పిల్లలు, అందరి వెనుక చీర కుచ్చిళ్లు పట్టుకుని అమ్మ. పిలిచింది నన్నొక్కదాన్నే, వచ్చింది అందరం.

ఏంది బాపు, ఏమైంది అని అడిగాను. ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూశాడు.

"ఏం లేదు బిడ్డా," అన్నాడు. "పిలిచి చూసిన."